బాప్తిస్మపు తొట్టికి హైపో

జడ్సన్‌కి ఒక పని అప్పజెబితే చెప్పినదానికి నాలుగింతలు చేసిపెడతాడు. అదే అతని గుణం, అదే అతని జబ్బు. రొయ్యపిల్లల హ్యాచరీలో నీళ్లు శుద్ధి చేసే పనిలో ఇన్నేళ్లుగా నిలదొక్కుకున్నాడంటే ఆ గుణం వల్లే. ఆ ఆదివారం పొద్దున చర్చి గుమ్మంలో ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని దోషిలా నిలబడ్డాడంటే అదీ ఆ గుణం వల్లే.

ఆ రోజు అతని మామ ముత్యాలయ్యకు బాప్తిస్మం. డెబ్బై దాటిన మనిషి. భార్య ఎలిశబెతు పుట్టి పెరిగింది ఈ చర్చిలోనే. ముత్యాలయ్య ప్రతి ఆదివారం ఆమెతోపాటే వచ్చేవాడు గానీ లోపలికి అడుగుపెట్టకుండా కిటికీ పక్కన సిమెంటు బల్ల మీద కూర్చునేవాడు. పాటలన్నీ నోటికొచ్చు. లోపలివాళ్లు చరణం మర్చిపోయి తడబడితే బయటినుంచి ఆయనే ఎత్తుకునేవాడు. మూడు నెలలకోసారి ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచేవేళకు మాత్రం బీడీ ముట్టించుకునే నెపంతో లేచిపోయేవాడు. బాప్తిస్మం లేనివాళ్లకు అది ఇవ్వరు. పక్కన మొగుడు ఉండి కూడా ఎలిశబెతు అది ఒంటరిగా తీసుకునేది. ఊరు ఆయనకు మొండిఘటం అని పేరు పెట్టి చేతులు దులుపుకుంది.

మొండితనమూ కాదు, పాడూ కాదు. భయం. నడివయసులో ఒక తుఫానులో పడవ బోల్తా పడితే, ఖాళీ డబ్బాను కరుచుకుని తెల్లారేదాకా సముద్రంలో ఉన్నాడు ముత్యాలయ్య. బతికి ఒడ్డున పడ్డాక మళ్లీ పడవెక్కలేదు. వలలు బాగుచేసుకుంటూ బతికాడు. స్నానమైనా చెంబుతో భుజాల మీద పోసుకోవడమే. తలను తడిగుడ్డతో తుడుచుకుంటాడు. తల నీళ్లలో పెట్టలేని జాలరి అని తెలిస్తే రేవులో ఎవరి ముఖం చూడగలడు? ఈ సంఘంలో బాప్తిస్మం అంటే నిలువునా ముంచాల్సిందే. అందుకని మొండివాడనే మాటే నయమనుకుని ఇన్నేళ్లూ మోశాడు. ఈ సంగతి ఎలిశబెతుకు తెలుసు. ఆమె అల్లుడి చెవిన వేసింది. అంతే, మూడో మనిషికి తెలియదు.

ఎలిశబెతు ఏనాడూ ఆయన్ను బలవంతపెట్టలేదు. మొన్న వేసవిలో జబ్బుపడి లేచాక మాత్రం ఒకే ఒక్కమాట అడిగింది. "ఒక్కసారి నా పక్కన కూచోని రొట్టె తీసుకోవయ్యా" అంది. ముత్యాలయ్య వారం రోజులు వలల దగ్గరే గడిపాడు. ఆ తర్వాత వచ్చి సరే అన్నాడు.

శనివారం సాయంత్రం తొట్టి చూస్తానని అల్లుణ్ణి వెంటబెట్టుకుని చర్చికి వచ్చాడు. వేదిక కింద సిమెంటుతో కట్టిన తొట్టి అది. అడుగున నీలం బిళ్లలు పరిచి ఉంటాయి, దిగడానికి మెట్లు, పట్టుకోవడానికి ఇనపకమ్మి. ఏడాదంతా మీద చెక్కలు పరిచి ఉంచుతారు. ఈ ఊళ్లో బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి గనక, బాప్తిస్మాలప్పుడు ట్యాంకరుతో కాలవనీళ్లు తెప్పించి నింపుతారు. ఆ నీళ్లు గోంగూర ఉడకబెట్టిన నీళ్లలా పచ్చగా ఉన్నాయి.

ముత్యాలయ్య వంగి చూసి వెనక్కి జరిగాడు. "అడుగు కనపడ్డంలేదే" అన్నాడు.

"నీ నడుం పైకి కూడా రావు మామా."

"ఎంతైనా కానీ. అడుగు కనపడకుంటే నేను దిగలేను అల్లుడా. నా వల్ల కాదు."

"రేపు పొద్దునకి బిళ్లలు లెక్కపెట్టుకునేటట్టు చేస్తా. సరేనా?" అన్నాడు జడ్సన్.

ఎలా చేయాలో అతనికి చెప్పాలా? చేసేదే ఆ పని. హ్యాచరీకి పోయి, మిగిలిపోయిన బ్లీచింగు పౌడరు మోసుకొచ్చి తొట్టి నిండా కలిపాడు. దాని వెనక పటిక తిప్పాడు. చీకటిపడేసరికి మురికంతా అడుగుకు చేరడం మొదలైంది. దుమ్ము పడకుండా చెక్కలు పరిచాడు, గాలికి ఇసుక రాకుండా కిటికీలన్నీ బిగించాడు. చేసిన పనికి తనే మురిసిపోతూ ఇంటికెళ్లి కడుపునిండా తిని పడుకున్నాడు.

పొద్దున్నే చర్చి ఊడవడానికి పోయిన అతని భార్య ఏంజెలిన్ చీపురు లోపలే పడేసి కళ్లు నులుముకుంటూ బయటికి పరుగెత్తుకొచ్చింది. ఆమె కోవూరులో ఒక జూనియర్ కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. ఆ వాసన ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎంత పోసినావు?" అంది మొగుణ్ణి చూడగానే.

జడ్సన్ చెప్పాడు.

"రొయ్యలకి పోసినట్టు పోసినావా? మా నాయన్ని ముంచను పోసినావా?"

అప్పుడు జడ్సన్‌కి తను మరిచిపోయిందేమిటో తట్టింది. హ్యాచరీలో నీళ్లకు క్లోరిన్ దండిగా పట్టిస్తారు, వైరస్ అన్నది మిగలకూడదని. మర్నాడు అందులో హైపో కలుపుతారు. పటికబెల్లం పలుకుల్లా ఉంటుంది హైపో. అది కరిగితే చాలు, క్లోరిన్ విరిగిపోతుంది. ఆ తర్వాతే రొయ్యపిల్లల్ని వదులుతారు. ఈ రెండు పనులూ జడ్సన్ చేతికి ఎంత అలవాటైపోయాయంటే, మొదటిది చేస్తే రెండోది దానంతటదే అయిపోతుందన్నట్టు నిశ్చింతగా నిద్రపోయాడు. అక్కడి తొట్లు ఎండలో, గాలికి ఉంటాయి. ఇక్కడ చెక్కలు వేసి, కిటికీలు మూసి, ఒక్క చుక్క ఘాటు కూడా పోకుండా తనే కాపలా కాశాడు. అడుగు మాత్రం అద్దంలా కనపడుతోంది. దగ్గరికి పోతే కదా చూడటానికి.

ఆరాధన వేళకు పాస్టరు అయ్యగారు వచ్చారు. కృపాదానంగారికి చుట్టుపక్కల చాలా ఊళ్ల సంఘాలున్నాయి. ఈ ఊరికి మూడు నెలలకోసారి గానీ రాలేరు. తొట్టి దగ్గరికి పోయి, రుమాలుతో కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చారు.

"ఇందులో మనిషిని ముంచితే ఆస్పత్రికి తీసుకుపోవాల. వచ్చేసారి చూద్దాం జడ్సన్" అన్నారు.

"వచ్చేసారికి కుదరదండి అయ్యగారూ."

"ఏం, పెద్దాయనకి ఒంట్లో బాగలేదా?"

 ఉన్న కారణం చెబితే మామ పరువు పోతుంది, చెప్పకపోతే బాప్తిస్మం పోతుంది. ఇంతలో చేరినవాళ్లు తలా ఒకమాట అన్నారు. నీళ్లు తీసేసి మళ్లీ నింపుదామంటే ఆదివారం ట్యాంకరు రాదు. ఎదురుగా సముద్రం పెట్టుకుని తొట్టి ఎందుకన్నాడు ఒకాయన. వాయుగుండం లేచి అలలు కట్టకు కొడుతున్నాయి, అయ్యగారికి ఈత రాదు. "లూథరన్ చర్చికి తీసకపోండి, వాళ్లు నెత్తిన నాలుగు చుక్కలు చల్లి పంపిస్తారు" అని ఇంకొకాయన పరాచికమాడాడు. అందరూ నవ్వారు.

ముత్యాలయ్య కిటికీ పక్కన తన సిమెంటు బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. తెల్లవారకముందే తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని తయారైన మనిషి.

"పోనీలేబ్బా. నాకు రాసిపెట్టి లేదు" అన్నాడు.

ఆ మాటకంటే ఆ మాట అన్నప్పటి ఆయన ముఖమే జడ్సన్‌ని ఎక్కువ భయపెట్టింది. అందులో బాధ లేదు. ఉరికంబం దాకా తీసుకుపోయి వదిలేసిన మనిషి ముఖంలో ఉండే తేరిక ఉంది. ఎలిశబెతు కూడా చూసింది. కొంగు సర్దుకుని లోపలికి పోయింది. ఈ పూట తప్పితే ఆయన మళ్లీ ఈ మెట్ల దాకా రాడని ఇద్దరికీ తెలిసిపోయింది. ఇన్నేళ్లకు ఆమె అడిగిన ఒక్క కోరికా తన చేతిమీదుగా పాడైందే అని జడ్సన్‌కి తల కొట్టేసినట్టయింది.

"అయ్యగారూ, నేను హైపో తెస్తా. కలిపితే చాలు, ఈ ఘాటు పోతాది. నేనొచ్చేదాకా వాక్యం చెప్పడం కొంచెం సాగదీయండి" అన్నాడు.

కృపాదానంగారిని వాక్యం సాగదీయమని అడిగిన మనిషి ఆ సంఘం పుట్టినప్పటి నుంచీ లేడు. ఆయన సంతోషంగా తలూపారు.

బండి తీసి ముందు తన హ్యాచరీకే పోయాడు. పంట అయిపోయి హ్యాచరీ ఆరబెట్టిన రోజులవి. గోడౌన్‌లో హైపో గోతాలు ఖాళీగా మడిచి ఉన్నాయి. దులిపితే పిడికెడు కూడా రాలేదు. ఓ.టి. చుక్కల సీసా ఒక్కటి మాత్రం దొరికితే జేబులో వేసుకున్నాడు. నీళ్లలో ఆ చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్నంతసేపు రంగు తిరుగుతుంది. రోగం ఉందని చెప్పే మందు దొరికింది, రోగం తగ్గించే మందు దొరకలేదు.

పక్క హ్యాచరీకి పోతే వాచ్‌మన్ గేటు సందులోంచే మాట్లాడాడు.

"బయట హ్యాచరీ వాళ్లని లోపలికి రానీయొద్దని సారు చెప్పినాడన్నా. మీ వైరస్ మాకంటుకుంటే?"

"మా హ్యాచరీ మూసి నెల దాటింది. వైరస్ నా చొక్కాకి అంటుకొని తిరుగుతా ఉందా?"

"అది నాకు తెలీదు. సారుకి ఫోన్ చేసుకో."

సారు ఫోను ఎత్తలేదు. ఏంజెలిన్‌కి చేస్తే ఆమె తిట్టడం కూడా మానేసి గబగబా చెప్పింది. "మా ల్యాబులో బుడ్డి నిండా ఉండాది. పిల్లకాయలు అయోడిన్ నీళ్లకి నీలం రంగు తెప్పించి, హైపో బొట్టు బొట్టుగా పోసి ఆ రంగు పోగొడతారే, అందుకని. అయితే తాళం ప్రిన్సిపాల్ మేడం దగ్గర, ఆమె తిరుపతి పోయింది. కోవూరు పోతే అంగళ్లు కూడా తీసుండవు ఇంకా."

కోవూరు అనగానే జడ్సన్‌కి హజరత్తయ్య గుర్తొచ్చాడు. హ్యాచరీలు రాకముందు, ఈడొచ్చిన కొత్తల్లో, జడ్సన్ ఆయన ఫొటో స్టూడియోలో చీకటిగదిలో పనిచేశాడు. హైపో అనే మాట మొదట విన్నది అక్కడే. బండి కోవూరు వైపు తిప్పాడు.

హజరత్తయ్య స్టూడియో ఇప్పుడు జిరాక్సు అంగడి. కొడుకు నడుపుతాడు. ఇల్లు కూడా దాని వెనకే గనక, అంగడి తీయకముందే పెద్దాయన లోపల కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"అన్నా, హైపో ఉందా?"

హజరత్తయ్య కళ్లజోడు పైకెత్తి చూశాడు. "ఎవుర్ని ఫొటో తీసినావురా, ఈ కాలంలో?"

జడ్సన్ నిలబడే జరిగిందంతా చెప్పాడు, మామ భయం ఒక్కటి దాచి. వింటూనే పెద్దాయన లేచి, కొడుకు చేత అటక మీదనుంచి గోధుమరంగు గాజు జాడీ ఒకటి దింపించాడు. మూతకు మైనం పూసి ఉంది. గోరుతో గీకి తీస్తే లోపల పలుకులు తళతళలాడుతూ అలాగే ఉన్నాయి.

"దీన్నే పారేయమని మావాడు రోజూ నా ప్రాణం తీస్తా ఉంటాడు" అన్నాడు హజరత్తయ్య. "ఎట్ట పారేస్తా? ఇందులో ముంచకుంటే ఏ ఫొటో నిలిచింది గనక? వెలుతురు తగిలితే నల్లగా మాడిపోయేది. ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ దీంట్లో మునిగి తేలినయ్యే."

జాడీని ఒళ్లో పెట్టుకుని కాసేపు ఇవ్వలేదు.  

"పెద్దాయనా? మీ మామ?" అన్నాడు హజరత్తయ్య.

"అవునన్నా. డెబ్బై దాటినాయి."

"తీసకపో. అంతా పోసెయ్. నేను దాచుకొని చేసేదేముంది."

జడ్సన్ ఆయన కాళ్లకు దణ్ణం పెట్టబోయాడు. "పోరా, టైమ్ అవతా ఉంటే" అని కసిరాడు పెద్దాయన.

చర్చి దగ్గరికొచ్చేసరికి మైకులో అయ్యగారి గొంతు వినిపిస్తూనే ఉంది. తొట్టి వాసనకు అందరూ బయట వేపచెట్టు నీడన చాపల మీద కూర్చున్నారు. అయ్యగారు ఆదికాండంలో మొదలుపెట్టి అప్పటికి ప్రవక్తల దాకా వచ్చారు. ఆడవాళ్లలో కొందరు కునికిపాట్లు పడుతున్నారు.

జడ్సన్, ఏంజెలిన్ మూతులకు గుడ్డలు కట్టుకుని లోపలికి పోయి కిటికీలు, తలుపులు బార్లా తీశారు. బకెట్లో పలుకులు కరిగించి, చెంబుతో తొట్టి అంచుల వెంబడి మెల్లగా పోయడం మొదలుపెట్టారు. దూకుడుగా పోస్తే అడుగున బిళ్లల సందుల్లో పేరుకున్న మురికి లేస్తుంది. అది లేస్తే అడుగు కనపడదు. అడుగు కనపడకపోతే ఇంత యాతనా బూడిదలో పోసినట్టే. జడ్సన్ ఆత్రంకొద్దీ చెంబు ఎక్కువ వంచుతుంటే ఏంజెలిన్ చెంబు లాక్కుని తనే పోసింది.

గ్లాసులో నీళ్లు ముంచి చుక్కలు వేస్తే మొదట నారింజరంగు తిరిగింది. మళ్లీ పోశారు. పసుపు. ఇంకాస్త పోశారు. లేత పసుపు. జాడీలో పలుకులు అడుగంటుతున్నాయి. ఏంజెలిన్ ముఖం చూడటానికి కూడా జడ్సన్‌కి ధైర్యం చాల్లేదు. ఆఖరి బకెట్టు అయిపోయింది. ఆమె గ్లాసు ముంచి, చుక్కలు వేసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది.

రంగు తిరగలేదు. మంచినీళ్లలా ఉండిపోయింది.

"వాసన చూడు" అంది.

జడ్సన్ మూతిగుడ్డ లాగేసి తొట్టి మీదికి వంగాడు. గట్టిగా పీల్చాడు. తడి సిమెంటు వాసన తప్ప ఇంకేమీ రాలేదు. ఊపిరి పీల్చుకోవడం అంటే ఏమిటో అతనికి ఆ రోజు తెలిసింది. అక్కడే మెట్టు మీద చతికిలబడ్డాడు.

అయితే కథ అక్కడితో అయిపోతే ఆయన ముత్యాలయ్య ఎందుకవుతాడు? గుమ్మంలోకి వచ్చి నిలబడి, "నీ చుక్కలూ రంగులూ నాకు తెలీవు అల్లుడా" అన్నాడు. కాలవగట్టుకు పోయి తువ్వాలు వేసి నాలుగు పరక చేపపిల్లల్ని పట్టి చెంబులో తెచ్చాడు. తొట్టి నీళ్లు గ్లాసులో పోసి వాటిని అందులోకి వదిలాడు. జీవితమంతా చేపతో బతికిన మనిషి ఇంకెవరి మాట వింటాడు? గ్లాసు కిటికీలో పెట్టి ఆయన, అయ్యగారు, జడ్సన్, ఏంజెలిన్ నలుగురూ వంగి చూస్తూ నిలబడ్డారు. చేపపిల్లలు కొంచెంసేపు బెదిరి, తర్వాత హాయిగా తోకలాడిస్తూ తిరిగాయి. చూసి చూసి అయ్యగారికి నడుం పట్టుకుంది.

"బతికినయ్" అన్నాడు ముత్యాలయ్య. ఆ గొంతులో పొద్దున ఉన్న తేరిక లేదు. ఇక చెప్పడానికి సాకు ఏమీ మిగల్లేదు.

జనం లోపలికొచ్చి సర్దుకున్నారు. పాట ఎత్తుకున్నారు. అయ్యగారు ముందు దిగి నడుంలోతు నీళ్లలో నిలబడి చెయ్యి చాపారు. ముత్యాలయ్య మొదటి మెట్టు దిగాడు, రెండో మెట్టు దిగాడు. అక్కడ ఆగిపోయాడు. ఇనపకమ్మి పట్టుకున్న చేతి కణుపులు తెల్లబడ్డాయి. పాట అయిపోయింది. ఆయన కదల్లేదు. మళ్లీ మొదటి చరణం ఎత్తుకున్నారు. ఎవరో గుసగుసలాడారు, మళ్లీ మొండికేశాడని.

జడ్సన్ మెట్టు అంచున కూర్చుని వంగి, మామకి తప్ప ఇంకెవరికీ వినపడకుండా, "అడుగు కనపడతా ఉందా మామా?" అన్నాడు.

"కనపడతా ఉంది."

"నేనిక్కడే ఉండా. నువ్వు లేచేదాకా యాడికీ పోను."

ముత్యాలయ్య తలతిప్పి ఆడవాళ్ల వైపు చూశాడు. ఎలిశబెతు లేచి నిలబడి ఉంది. ఏమీ సైగ చెయ్యలేదు, రమ్మని గానీ వద్దని గానీ. ఊరికే చూస్తోంది. ఆయన కమ్మి వదిలేశాడు.

అయ్యగారు చెప్పవలసిన మాటలు చెప్పి, ఒక చెయ్యి వీపుకు ఆనించి, రెండో చేత్తో ముక్కు మూసి, వెనక్కి వాల్చారు. నీళ్లు ముఖం మీదుగా కలుసుకున్నాయి. జడ్సన్ కళ్లు మూసుకున్నాడు. చూడలేకపోయాడు, అంతే. చప్పుడై కళ్లు తెరిచేసరికి మామ నిటారుగా నిలబడి ఉన్నాడు. తెల్లజుట్టు నుదురుకు అంటుకుపోయింది. దగ్గలేదు, కేక పెట్టలేదు. కళ్లు పెద్దవి చేసుకుని తన చుట్టూ ఉన్న నీళ్లనే చూస్తున్నాడు. చర్చి అంతా స్తోత్రం చెప్పింది. జడ్సన్‌కి కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది, సంతోషపు ఏడుపు. దాచుకోలేదు.

"రా పెద్దాయనా, మెట్టు జాగ్రత్త" అన్నారు అయ్యగారు.

ముత్యాలయ్య మెట్ల వైపు తిరగలేదు. చేతులు రెండూ జాపి, తనంతట తానే మోకాళ్లు వంచి, తల పూర్తిగా నీళ్లలోకి పోనిచ్చాడు. లేచి ముఖం తుడుచుకున్నాడు.

"అయ్యో, ఒక్కసారి చాలు" అన్నారు అయ్యగారు కంగారుగా.

"అది దేవుడికండీ. ఇది నాకు" అన్నాడు ముత్యాలయ్య.

ఆడవాళ్ల వైపునుంచి ఎలిశబెతు గొంతు వినిపించింది. మొగుడు నీళ్లలో ఉంటే ఒడ్డునుంచి కేకేసే అవకాశం ఆమెకు ఇన్నేళ్లూ రాలేదు.

"చాల్లే, పైకి రావయ్యా. రొట్టె పంచతారు. జలుబు చేస్తాది."

"ఉండవే, ఇంకొక్కసారి" అని ముత్యాలయ్య మళ్లీ మునిగాడు.